కణంలోని కోశాగారం: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

పుష్యమాసం వచ్చిందంటే మన నరసన్నపేట పరిసర గ్రామాలలోని కళ్లాలు ధాన్యరాశులతో నిండుతాయి. వంశధార నీటితో పండిన వరి బస్తాలకెక్కి, ఆ బస్తాలు లారీలకెక్కి మిల్లులకు తరలిపోతాయి. బస్తాను వీపున మోసికొని పలక మీదుగా లారీలోనికి నడిచే కళాసీని మనమందరం చూచినవారమే. వేకువన అతడు త్రాగి వచ్చిన చోడి అంబలి కడుపులో జీర్ణమై, గ్లూకోజుగా మారి, రక్తం వెంట కండరాలకు చేరి, అక్కడ బలంగా మారుతుంది. అతడు బస్తా ఎత్తిన క్షణంలోనే కండరంలోని చక్కెర వేగంగా ఖర్చు కావడం మొదలవుతుంది. బరువు దించి చెట్టు నీడన కూర్చున్న కొంతసేపటికే ఆ వేగం మందగిస్తుంది. మన ఇంటి పొయ్యిలోనైతే కట్టెను ముందుకు త్రోయడానికీ, వెనుకకు లాగడానికీ ఒక మనిషి ఉండాలి. కంటికి కనిపించని జీవకణంలో ఆ పని చేసేదెవరు? ఎంత మండించాలో, ఎప్పుడు ఆపాలో కణానికి ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకు విజ్ఞానశాస్త్రం సమాధానం చెప్పగలగడానికి అవసరమైన పునాదిరాళ్లలో ముఖ్యమైన వాటిని పరచినవారు ఒక తెలుగు బిడ్డ. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ పేరు వినగానే మనకు గొప్ప ఔషధాల నిర్మాత స్ఫురణకు వస్తారు. అది న్యాయమే. ఐతే ఔషధాల వైపు పూర్తిగా మరలకముందే ఆయన జీవకణంలోని శక్తి ఏ రూపంలో నిలువ ఉంటుందో కొలిచి చూపారు. ఆ సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఉన్నా, అది మనవాడు చేసిన పని అని తెలిసినవారు తక్కువ.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. తండ్రి అనారోగ్యం కారణంగా ఉద్యోగం విడువవలసి రావడంతో ఇంటిలో లేమి ప్రవేశించింది. బాలుడైన సుబ్బారావుకు చదువుపై కంటే డబ్బు సంపాదించి ఇంటి కష్టం తీర్చాలనే తలంపే బలంగా ఉండేది. పదమూడవ ఏట, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించవచ్చునని తలచి ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి వెనుకకు రప్పించి మళ్లీ బడికి పంపింది. రాజమహేంద్రవరంలో చదువు సాగలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడయ్యాడు. పరీక్ష తప్పడమే జీవితం తప్పడమని కుంగిపోయే విద్యార్థులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే చాలు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజులలో ఆయన మనస్సు సన్న్యాసం వైపు మరలింది. రామకృష్ణ మఠంలో చేరాలని సంకల్పించారు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోబోమని మఠంవారు చెప్పారు. తల్లి అంగీకరించలేదు. ప్రజాసేవయే కోరిక ఐతే వైద్యం అభ్యసించవచ్చునన్న పెద్దల హితవుతో ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. చదువుకు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ధనసహాయం చేశారు. వారి కుమార్తె శేషగిరిగారినే సుబ్బారావుగారు 1919లో వివాహమాడారు. అవి గాంధీ మహాత్ముని పిలుపు దేశమంతటా మారుమ్రోగుతున్న రోజులు. విదేశీ వస్త్రాన్ని విడిచిపెట్టిన ఈ విద్యార్థి శస్త్రచికిత్స తరగతికి కూడ ఖద్దరు దుస్తులతోనే వెళ్లారు. అది అక్కడి ఆంగ్ల ఆచార్యునికి నచ్చలేదు. వ్రాతపరీక్షలలో బాగుగా వ్రాసినప్పటికీ, ఆయనకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతా పత్రం మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్యశాఖ తలుపు అలా మూతపడింది.

అప్పుడు ఆయన డాక్టర్ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించే అధ్యాపకులుగా చేరారు. మన ప్రాచీన ఔషధాలను ఆధునిక రసాయన పరీక్షతో పరిశీలించాలనే ఆలోచన అక్కడనే మొలకెత్తింది. ఇంతలో ఇంటిపై పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఎనిమిది రోజుల వ్యవధిలో ఇద్దరు సోదరులు మరణించారు. ఈ వ్యాధిలో తిన్న అన్నం ఒంటికి పట్టదు, రక్తం క్షీణిస్తుంది, మనిషి కృశించి కూలిపోతాడు. వైద్యుడై ఉండి కూడ ఆయన చేయగలిగిందేమీ లేకపోయింది. అన్నం శరీరంలో శక్తిగా ఎలా మారుతుంది, ఆ మార్పు ఎక్కడ చెడితే మనిషి చెడతాడు అనే రెండు ప్రశ్నలు అటుపిమ్మట ఆయన పరిశోధన అంతటా కనిపిస్తాయి.

ఉష్ణమండల వ్యాధుల అధ్యయనానికి అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్లాలని ఆయన కోరిక. ప్రయాణానికి ధనం లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆర్థిక సహాయం వాగ్దానం చేసింది. మామగారు కూడ చేయూతనిచ్చారు. ఒక పుణ్యాత్ముడు పేదల చదువుకై విడిచివెళ్లిన ధనం ఎంత దూరపు ఫలాన్నిచ్చిందో ఉపకారవేతనాలతో చదువుకొనే మన విద్యార్థులు గమనించాలి. 1922 అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు. భార్యను స్వదేశంలోనే విడిచి వెళ్లారు. వారికి కలిగిన కుమారుడు శైశవంలోనే మరణించాడు. ఆ దంపతులు మళ్లీ కలిసికొనలేదు.

బోస్టన్ జీవితం సుఖమైనది కాదు. ఎల్.ఎం.ఎస్. అర్హతతో అక్కడ వైద్యవృత్తి చేసే అవకాశం లేదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని. ఆ కూలితోనే భోజనం. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత ఆయన హార్వర్డు వైద్య విద్యాలయంలోని జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పరిశోధకులుగా చేరారు. అక్కడనే ఆయన జీవితపు మొదటి మహాకార్యం జరిగింది. దాని విలువ తెలియాలంటే అప్పటికి శాస్త్రజ్ఞులకు ఏమి తెలుసునో కొంత చెప్పుకోవాలి.

పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశీయుడైన లూయీ పాశ్చర్ ఒక విచిత్రం గమనించారు. గాలి లేనిచోట ఈస్టు కణాలు చక్కెరను విపరీతంగా ఖర్చు చేస్తాయి. గాలి తగలగానే ఆ ఖర్చు తగ్గిస్తాయి. అంటే కణం తన అవసరాన్నిబట్టి చక్కెర వినియోగాన్ని సవరించుకొంటుందన్న మాట. 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టు కణాలను నూరి తీసిన రసం కూడ చక్కెరను పులియజేస్తుందని చూపారు. దీనితో ఆ మార్పు చేసేవి కణంలోని ఎంజైములని తేలింది. ఎంజైములు తాము తరిగిపోకుండ రసాయన చర్యలను అనేక రెట్లు త్వరితం చేసే ప్రోటీనులు. తరువాత ఇంగ్లండులో ఆర్థర్ హార్డెన్, ఆ రసానికి ఫాస్ఫేటు చేర్చితే చక్కెర విచ్ఛిన్నం చురుకెక్కుతుందని గ్రహించారు. భాస్వరానికీ చక్కెరకూ ఏదో చుట్టరికమున్నదని తెలిసింది గాని, ఆ చుట్టరికమేమిటో తెలియలేదు.

కండరాల విషయంలో మరొక సిద్ధాంతం రాజ్యమేలుతుండేది. గ్లూకోజు విరిగి లాక్టికామ్లంగా మారుతుందనీ, ఆ ఆమ్లమే కండరాన్ని ముడుచుకొనేటట్లు చేస్తుందనీ పెద్దలు నమ్మేవారు. కండరపు వేడిమిపైన, లాక్టికామ్లంపైన జరిపిన పరిశోధనలకు ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హోఫ్ అనే ఇద్దరు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానం పొందారు. అంతటివారు నిలబెట్టిన సిద్ధాంతాన్ని తరువాత కదిలించినది, ఒక గాజుగొట్టంలో ఆలస్యంగా చిక్కబడిన నీలిరంగు.

ఆ నీలిరంగు కథ ఇది. రక్తంలోను, కండరంలోను ఉన్న ఫాస్ఫేటు చాల స్వల్పం. దాన్ని తూచడం అప్పటిలో కష్టసాధ్యమైన పని. ఫిస్క్, సుబ్బారావుగార్లు 1925లో ఒక సులభమైన పద్ధతిని ప్రకటించారు. ఆమ్లంతో కూడిన మాలిబ్డేటు ద్రవాన్ని కలిపితే ఫాస్ఫేటు దానితో చేరి ఒక సంయోగ పదార్థమవుతుంది. దానికి ఎమినోనాఫ్తాల్ సల్ఫోనికామ్లం అనే క్షయకరణి చేర్చితే నీలిరంగు పుడుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనాన్ని తెలిసిన ప్రమాణంతో పోల్చి చూస్తే లెక్క చేతికి వస్తుంది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ఇది దేశదేశాల ప్రయోగశాలలలో వ్యాపించింది. జీవరసాయనశాస్త్రం చదివే విద్యార్థులు ఈనాటికీ దీన్ని నేర్చుకొంటున్నారు.

ఈ పద్ధతిని కండరపు రసంపై ప్రయోగించినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. నీలిరంగు ఒక్కసారిగా రావడం లేదు. కొంత వెంటనే కనిపించి, తక్కినది నిమిషాల తరబడి మెల్లమెల్లగా చిక్కబడుతోంది. మరొకరైతే పద్ధతిలో దోషమని త్రోసిపుచ్చి ఉండేవారు. వీరు మాత్రం ఆ ఆలస్యంలోనే రహస్యమున్నదని అనుమానించారు. కండరంలో ఫాస్ఫేటు మరొక పదార్థంతో బలహీనంగా ముడిపడి ఉన్నదనీ, ఆమ్లం తగలగానే ఆ ముడి కొద్దికొద్దిగా ఊడుతున్నదనీ ఊహించారు. ఊహ నిజమైంది. క్రియాటిన్ అనే పదార్థంతో ఫాస్ఫేటు కూడిన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వారు లోకానికి వెల్లడించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడ ఇటువంటి అస్థిర పదార్థాన్ని గమనించి ప్రకటించారు. అందులోని రెండవ భాగం క్రియాటిన్ అని తేల్చినది హార్వర్డు బృందం. కండరం పనిచేసినప్పుడు ఈ పదార్థం తరిగిపోతుంది, విశ్రమించినప్పుడు మళ్లీ నిండుతుంది. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఐనర్ లుండ్స్‌గార్డ్, లాక్టికామ్లం పుట్టకుండ విషం పెట్టిన కండరం కూడ ముడుచుకొంటుందనీ, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందనీ చూపడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది.

1929లో మరొక ఘనవిజయం చేకూరింది. కండరం నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అనే పదార్థాన్ని ఫిస్క్, సుబ్బారావుగార్లు వేరుచేసి ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమాన్ స్వతంత్రంగా దాన్నే కనుగొని, కొద్ది వారాల ముందుగా ప్రచురించారు. కనుక ఈ కీర్తి ఇరువురికీ చెందుతుంది. దీన్నే సంక్షేపంగా ఏ.టి.పి. అంటాము. అడినోసిన్ అనే అణువుకు మూడు ఫాస్ఫేటులు వరుసగా అతికి ఉంటాయి. చివరి ఫాస్ఫేటు విడిపోయే చర్యలో లభించే శక్తితోనే కండరం ముడుచుకొంటుంది, నరం సందేశం పంపుతుంది, కణం కొత్త ప్రోటీనులను కట్టుకొంటుంది. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ ఈ భావాన్ని సమగ్రంగా వివరించిన తరువాత, ఏ.టి.పి.ని జీవకణపు నాణెమని పిలవడం పరిపాటి అయింది.

ఈ ఉపమానం సమంజసమైనదే. గ్లూకోజు ధాన్యపు బస్తా వంటిది. బస్తాను పట్టుకొని వెళ్లి అంగడిలో సూది కొనలేము. ముందు దాన్ని చిల్లరగా మార్చుకోవాలి. కణంలో పది మెట్ల సోపానం ఒకటి ఉన్నది. దానికి గ్లైకాలిసిస్ అని పేరు. మెట్టు మెట్టుకూ ఒక ఎంజైము కాపున్నది. ఆరు కార్బనులున్న గ్లూకోజు మొదట రెండు ఏ.టి.పి. నాణేలను పెట్టుబడిగా పుచ్చుకొని, రెండుగా విరిగి, చివరకు రెండు పైరువికామ్లపు అణువులుగా మారుతుంది. ఈ దారిలో నాలుగు నాణేలు పుడతాయి. పెట్టుబడి పోగా మిగులు రెండు. ప్రాణవాయువు చాలినంత ఉంటే పైరువికామ్లం మైటోకాండ్రియాలో ప్రవేశించి పూర్తిగా దహనమై, ఒక్క గ్లూకోజుకు మొత్తం సుమారు 30 నాణేల దాక లభిస్తాయి. ప్రాణవాయువు చాలని వేళ లాక్టికామ్లంగా మారి ఆ రెండింటితోనే ఆగిపోతుంది.

ఇక మనం మొదట వేసికొన్న ప్రశ్నకు వద్దాము. మండే వేగాన్ని నిర్ణయించేదెవరు? సోపానంలోని మూడవ మెట్టు వద్ద ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైము ఉన్నది. ఇది కోశాగారపు ద్వారపాలకుని వంటిది. దీనికి ఏ.టి.పి. రెండు తావులలో అతుకుతుంది. ఒక తావున అది పనికి కావలసిన సామగ్రి. రెండవ తావున అది ఒక ఆజ్ఞ. కణంలో ఏ.టి.పి. సమృద్ధిగా ఉన్నప్పుడు రెండవ తావులో చేరి ఎంజైము ఆకృతిని మార్చి దాని పనిని మందగింపజేస్తుంది. కోశాగారం నిండినది, ఇక చక్కెర విరువనక్కరలేదని దాని అర్థం. కండరం పనికి పూనుకొని ఏ.టి.పి. ఖర్చవుతున్నకొద్దీ, ఒకే ఫాస్ఫేటు మిగిలిన ఏ.ఎం.పి. పేరుకొంటుంది. ఏ.టి.పి. కొద్దిగా తగ్గినా ఏ.ఎం.పి. అనేక రెట్లు పెరుగుతుంది. అది ఎంజైముకు అతికి ద్వారాన్ని మళ్లీ తెరుస్తుంది. కళాసీ బస్తా ఎత్తగానే మంట ఎగియడానికీ, కూర్చోగానే తగ్గడానికీ ముఖ్య కారణాలలో ఇది ఒకటి. మంట ఎగిసేలోపలి తొలి క్షణాలలో కొరతను పూరించేది ఫాస్ఫోక్రియాటిన్. తన ఫాస్ఫేటును అప్పుగా ఇచ్చి ఖర్చైన నాణేన్ని తిరిగి నాణెంగా మారుస్తుంది.

1962లో జానెట్ పాసనో, ఆలివర్ లోరీ అనే అమెరికా పరిశోధకులు ఈ ఎంజైము ప్రవర్తనను ఆధారం చేసికొని, పాశ్చర్ చూచిన విచిత్రానికి కారణం వివరించారు. గాలి ఉన్నప్పుడు ఒక్కొక్క గ్లూకోజు నుండి ఎక్కువ ఏ.టి.పి. లభిస్తుంది గనుక, ఆ ఏ.టి.పి. ద్వారాన్ని మూస్తుంది, చక్కెర ఆదా అవుతుంది. ద్వారపాలకుడు ఒక్కడే కాడు. మొదటి మెట్టులోని హెక్సోకైనేజ్ తాను తయారుచేసిన పదార్థం పేరుకొంటే తానే పని తగ్గించుకొంటుంది. మైటోకాండ్రియాలో సిట్రేటు ఎక్కువైతే అది బయటకు వచ్చి మూడవ మెట్టును మందగింపజేస్తుంది. 1980లో బెల్జియంలో కనుగొన్న ఫ్రక్టోజ్ బిస్ఫాస్ఫేటు రకం ఒకటి, ఇన్సులిన్, గ్లూకగాన్ హార్మోనుల ఆజ్ఞలను కాలేయంలోని ఈ ద్వారానికి చేరవేస్తుంది.

ఇది మన అనుభవంలోనిదే. రంజాన్ మాసంలో మన కళాశాల విద్యార్థులు అనేకులు సహరీ మొదలు ఇఫ్తార్ వరకు రోజా పాటిస్తారు. మరికొందరు ఏకాదశినాడు ఉపవసిస్తారు. ప్రొద్దెక్కేకొద్దీ ఇన్సులిన్ తగ్గి గ్లూకగాన్ పెరుగుతుంది. కాలేయం తాను దాచిన గ్లైకోజన్‌ను విడదీసి గ్లూకోజును రక్తంలోనికి వదులుతుంది. తాను మాత్రం చక్కెరను ఖర్చు చేయడం మానుకొంటుంది. కండరాలూ, గుండే కొవ్వును మండించి, చక్కెర ద్వారాన్ని దాదాపు మూసివేస్తాయి. అలా మిగిల్చిన గ్లూకోజు మెదడుకూ, మైటోకాండ్రియాలు లేని ఎర్ర రక్తకణాలకూ దక్కుతుంది. అవసరమైనవారికి అందడానికై తక్కినవారు మితంగా ఉండటమనే నీతి మన రక్తంలోనే నడుస్తోంది.

ఈ నియమాలను కనుగొన్నవారు సుబ్బారావుగారు కారు. అవి ఆయన మరణానంతరం తెలిసినవి. ఐతే ఏ.టి.పి. అనే పదార్థమే తెలియనిచోట అది ఎంజైమును అదుపు చేస్తుందని ఎవరు చెప్పగలరు? ఫాస్ఫేటును కొలిచే సాధనమే లేనిచోట ఆ లెక్కలు ఎవరు కట్టగలరు? కొలత ముందు, సిద్ధాంతం వెనుక. ఆ కొలతను ఇచ్చినవారిలో ఆయన పేరు మొదటి వరుసలో నిలుస్తుంది.

ఇంతటి పనికి ఆయన పొందిన ప్రతిఫలమేమిటి? 1930లో పిహెచ్.డి. పట్టం లభించింది. మరి పది సంవత్సరాలు హార్వర్డులో చిన్న పదవులలోనే గడిచాయి. స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. పత్రాలపై ఫిస్క్ పేరు ముందు, ఆయన పేరు వెనుక. కీర్తి కోసం ఆయన ప్రాకులాడలేదు. ఆ ప్రయోగశాలలోనే పనిచేసి 1988లో నోబెల్ బహుమానం పొందిన జార్జి హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులు ఆనాడు ప్రచురణకు నోచుకోక, అనేక సంవత్సరాల తరువాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని తరువాతి కాలంలో స్మరించారు.

1940లో సుబ్బారావుగారు హార్వర్డు విడిచి న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్దనున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరారు. అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలికామ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ వ్యాధిగ్రస్తుల రక్తహీనతను నయం చేస్తుందని వెంటనే రుజువైంది. తన సోదరులను బలిగొన్న జబ్బుకు రెండు దశాబ్దాల పిమ్మట మందు దొరికింది. ఆ సోదరులు లేరు గాని, ఎందరో సోదరులు బ్రతికారు. ఫోలికామ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుతగిలే ఎమినోప్టెరిన్ అనే పదార్థాన్ని కూడ ఆ బృందమే రూపొందించింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానితో రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు చికిత్స చేసి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. క్యాన్సరు రసాయన చికిత్స చరిత్రలో అది తొలి మెట్లలో ఒకటి. నేలలోని సూక్ష్మజీవి నుండి తీసిన ఆరియోమైసిన్ కూడ ఆ కాలంలో, ఆ ప్రయోగశాలలలోనే వెలువడింది.

మన జిల్లావారు ప్రత్యేకించి స్మరించవలసిన మందు మరొకటి ఉన్నది. అది 1947లో ఆయన బృందం వెలువరించిన హెట్రజాన్. దాని రసాయన నామం డైఇథైల్ కార్బమజీన్. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో బోదకాలు తరతరాల శాపం. కాలు ఏనుగు కాలై, పనికి దూరమై, పెండ్లికి దూరమై, సిగ్గుతో ఇల్లు కదలని మనుష్యులను మన పెద్దలు ప్రతి గ్రామంలోను ఎరుగుదురు. 2004 నుండి మన దేశంలో ఇంటింటికీ తిరిగి మ్రింగించిన బోదకాలు నివారణ మాత్రలలో ఉన్నది ఈ మందే. ఆ మాత్ర మ్రింగినవారిలో దాన్ని తయారుచేసినది ఒక తెలుగువాడని తెలిసినవారెందరు?

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఇరువదిఆరేండ్లు అమెరికాలో నివసించినా ఆ దేశపు పౌరసత్వం స్వీకరించలేదు. భారతీయునిగానే మరణించారు. స్వదేశానికి మాత్రం తిరిగి రాలేకపోయారు. ఆయన గౌరవార్థం 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. నోబెల్ బహుమానం ఆయనకు అందలేదు. ఆయన కనుగొన్న విషయాలపై ఆధారపడి మరికొందరు దాన్ని అందుకొన్నారు.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పినవాడు, ఖద్దరు కట్టినందుకు పట్టం కోల్పోయినవాడు, ఒక ధర్మనిధి చేయూతతో ఓడ ఎక్కి, ఆసుపత్రిలో పాత్రలు కడిగి చదువుకొన్నవాడు జీవకణపు కోశాగారానికి లెక్కలు కట్టాడు. గాజుగొట్టంలో ఆలస్యంగా వచ్చిన నీలిరంగును తప్పుగా భావించి పారబోసి ఉంటే ఆ లెక్క తేలేది కాదు. మీరు తెలుగులో చదివినా, ఉర్దూలో చదివినా, మీ ప్రయోగశాలలో ఫలితం పుస్తకంతో సరిపోని రోజు తప్పక వస్తుంది. ఆనాడు పుస్తకంలోని అంకెను చూచి వ్రాయకండి. మీ గొట్టంలో కనిపించినదే వ్రాసి, అది అలా ఎందుకు వచ్చిందో మీ అధ్యాపకులను అడగండి. ఆ మహనీయునికి మనం ఈ కళాశాలలో చేయగల స్మారకం అదే.